మిమ్మల్ని పట్టించుకోవడం లేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది

మర్యాద తెలియని మనిషిని పట్టించుకోకుండా ఉండటం చాలా తేలిక అని అందరూ చెబుతారు. చెప్పేవారిలో ఒక్కరైనా ఆ పని చేస్తుండగా నేను చూడలేదు. పదిహేనేళ్లుగా ఆన్‌లైన్ చర్చల్లో పాల్గొంటూ, ఆ కాలంలో 31 మందిని ఇగ్నోర్ లిస్టులో, అంటే వారి రాతలు నా కంటబడకుండా దాచేసే జాబితాలో, చేర్చి, వారిలో ప్రతి ఒక్కరూ నిన్న ఏం రాశారో ఈరోజు పొల్లుపోకుండా అప్పజెప్పగలిగిన మనిషిగా, ఈ విషయంపై సాధికారికంగా మాట్లాడే అర్హత నాకుందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ముందుగా ఒక మినహాయింపు. బెదిరింపులు, వెంటపడి వేధించడాలు ఎదుర్కొనేవారికి బ్లాక్ అనేది తలుపుకు వేసుకునే గడియ. వారి విషయంలో హాస్యానికి తావు లేదు. నేను రాస్తున్నది నావంటివారి గురించి, అంటే ప్రాణానికి ఏ ముప్పూ లేకుండా కేవలం పరువు కోసం గడియ వేసుకుని, అవతలివారికి ఆ చప్పుడు వినిపించిందో లేదోనని తలుపుకు చెవి ఆనించి నిలబడేవారి గురించి.

నా 31వ వ్యక్తి కథ చెబితే విషయం అర్థమవుతుంది. ఇంకు పెన్నుల అభిమానులు కలుసుకునే ఒక చర్చలో, పెన్నును కడగడానికి చన్నీళ్లు మంచివా వేడినీళ్లు మంచివా అన్న ప్రశ్న వచ్చింది. పాత పెన్నులు చాలావరకు ఎబొనైట్‌తో, అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరుతో చేసినవి కాబట్టి, వేడినీళ్లు తగిలితే వాటి నలుపు పోయి గోధుమరంగు తేలుతుందని, చన్నీళ్లే శ్రేయస్కరమని నేను రాశాను. దానికి ఒక మహాశయుడు, తాను ఎన్నో ఏళ్లుగా వేడినీళ్లే వాడుతున్నానని, పెన్నుల సంగతి తెలియనివాళ్లు పెన్సిలుతో రాసుకోవడం మంచిదని జవాబిచ్చాడు. 14 మంది దాని కింద నవ్వు బొమ్మ పెట్టారు. ఆ 14 మంది పేర్లూ నా దగ్గర రాసిపెట్టి ఉన్నాయి.

అతణ్ణి ఇక పట్టించుకోకూడదని ఆ క్షణమే నిర్ణయించుకున్నాను. అందుకు ఒక బటన్ నొక్కితే చాలు. అయితే ఆ బటన్ చప్పుడు చేయదు. నేను పట్టించుకోవడం మానేశానన్న సంగతి అతడికి తెలియకపోతే, నేను మానేసినా మానేయకపోయినా ఒకటే కదా? కాబట్టి బటన్ నొక్కబోయే ముందు మూడు పేరాల ప్రకటన రాశాను. నాలుగుసార్లు దిద్దాను. "మీతో వాదించడం నా స్థాయికి తగదు" అన్న వాక్యంలో "స్థాయి" అన్న మాట అహంకారంలా ధ్వనిస్తుందేమోనని దాని స్థానంలో "సంస్కారం" అని పెట్టాను. ప్రచురించిన తరువాత, చదువుకోవడానికి వ్యవధి ఇవ్వడం ధర్మం కనుక, రెండు గంటలు వేచి ఉన్నాను. అతడి జవాబు వచ్చింది. దానికి నేను జవాబిచ్చాను. ఆ జవాబుకు జవాబు పడేలోగా బటన్ నొక్కేశాను. చివరిమాట నాదే.

ఇది నా ఒక్కడి బలహీనత అనుకునేవారు చరిత్ర చదవలేదన్నమాట. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ తొలినాటి కంప్యూటర్ చర్చావేదిక అయిన యూజ్‌నెట్‌కు రూపకల్పన చేశారు. మనుషులు ముఖాలు చూసుకోకుండా తిట్టుకోగల సౌకర్యం ప్రపంచానికి అలా అందింది. 1984లో ఆ వేదిక సందేశాలు చదువుకోవడానికి లారీ వాల్ రాసిన ఆర్ఎన్ అనే ప్రోగ్రాములో కిల్ ఫైల్ అనే ఏర్పాటు ఉండేది. ఒకరి పేరు అందులో రాసుకుంటే ఆ మనిషి సందేశాలు ఇక మన కంటబడవు. ఎవరికీ చెప్పనక్కరలేదు, ఎవరికీ తెలియదు. ఇంతకంటే నాగరికమైన పద్ధతి మరొకటి ఉండబోదని ఎవరైనా అనుకుంటారు. యూజ్‌నెట్ ప్రజలు మాత్రం అలా అనుకోలేదు. అవతలి మనిషికి జవాబుగా "ప్లాంక్" అనే ఒకే ఒక మాట అందరిముందూ రాసేవారు. కిల్ ఫైల్ అడుగున పేరు పడ్డప్పుడు అయ్యే చప్పుడట అది! చప్పుడు లేని యంత్రానికి చప్పుడును మనుషులే నోటితో అందించారు.

ఇంకా వెనక్కి వెళ్దాం. ప్రాచీన ఏథెన్స్ పౌరులు తమకు నచ్చని నాయకుణ్ణి ఓటు వేసి 10 సంవత్సరాలు నగరం బయటికి పంపేవారు. కుండ పెంకు మీద ఆ మనిషి పేరు గీసి ఇవ్వాలి. ఆ పెంకులు పురావస్తు తవ్వకాలలో వేల సంఖ్యలో దొరికాయి. ఓటు చెల్లడానికి పేరు ఒక్కటే చాలు, అయినా కొన్ని పెంకుల మీద పేరు పక్కన తిట్టు కూడా ఉంది. గట్టి పెంకు మీద ఒక్కొక్క అక్షరమే గీసుకుంటూ, ఎవరూ చదవరని తెలిసి కూడా ఒక వాక్యం అదనంగా చేర్చిన ఆ అజ్ఞాత పౌరుణ్ణి తలచుకున్నప్పుడల్లా, రక్తసంబంధీకుడిని చూసినంత ఆప్యాయత కలుగుతుంది నాకు.

ఈ సూక్ష్మం కంపెనీలకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. 2013 డిసెంబరు 12న ట్విటర్ బ్లాక్ పద్ధతిని మార్చి, బ్లాక్ అయినవారికి ఆ సంగతి తెలియకుండా చేసింది. గొడవ ఎంతగా చెలరేగిందంటే అదే రోజు పాత పద్ధతిని తిరిగి తేవలసి వచ్చింది. ఆనాడు గొడవ చేసినవారిలో చాలామంది తమ భద్రత గురించి భయపడ్డవారు, వారి భయం సహేతుకం. భద్రతకు ఏ లోటూ లేని నేను కూడా వారితో గొంతు కలిపాను. నా దుఃఖం వేరు. శిక్ష పడ్డ సంగతి ముద్దాయికే తెలియకపోతే న్యాయస్థానం ఎందుకు? 2019లో ఇన్‌స్టాగ్రామ్ తెచ్చిన రిస్ట్రిక్ట్ సదుపాయం మరీ అన్యాయం. మన పోస్టు కింద అవతలి మనిషి రాసిన వ్యాఖ్య తనకు మామూలుగానే కనిపిస్తుంది, మనం అనుమతిస్తే తప్ప ఇతరులకు కనిపించదు. అతడు హాయిగా తిట్టుకుంటూ ఉంటాడు, అతడి హాయి చెక్కుచెదరదు. దీన్ని దయ అంటారేమో గాని ఉపేక్ష అనరు.

వాట్సాప్ సంగతి సరే సరి. ఒకరిని బ్లాక్ చేసినా, ఇద్దరూ ఉన్న గ్రూపులో అతడి సందేశాలు మనకు, మన సందేశాలు అతడికి యథాప్రకారం కనబడుతూనే ఉంటాయి. ఒకే గదిలో ఉండి మాట్లాడుకోకుండా తిరిగే దాయాదుల బతుకే.

ఇక నా అనుభవంలోని అసలు ఘట్టానికి వస్తాను. మా పెన్నుల చర్చలో, ఇగ్నోర్ చేసిన సభ్యుడు ఏదైనా రాస్తే ఆ చోట పల్చటి బూడిదరంగు పట్టీ ఒకటి వస్తుంది. ఈ సభ్యుడు మీ ఇగ్నోర్ లిస్టులో ఉన్నందున ఈ సందేశం దాచబడింది అని దాని మీద ఉంటుంది. దాని కుడిచివర, వేలికి అందేంత దగ్గరలో, "చూపించు" అన్న మాట నీలిరంగులో ఉంటుంది. ఈ ఏర్పాటును రూపొందించిన మనిషి మానవ స్వభావాన్ని ఆమూలాగ్రం చదివినవాడై ఉండాలి, లేదా నాపై కక్ష ఉన్నవాడై ఉండాలి.

మొదటి మూడు వారాలు నేను ఆ మాటను నొక్కలేదు. నొక్కవలసిన అవసరం రాలేదు. పట్టీ కింద ఇతరులు ఇచ్చే జవాబులను బట్టి, లుప్తమైన మూలగ్రంథాన్ని వ్యాఖ్యానాల ఆధారంగా పునర్నిర్మించే పండితుడిలాగా, అతడు ఏం రాసి ఉంటాడో నేనే కూర్చుకునేవాణ్ణి. ఎవరైనా "అలా అనడం బాగాలేదు" అని రాస్తే, అది నన్ను అన్నదేనని ఊహించి, ఆ అన్న మాట ఏదో నిర్ణయించి, దానికి తగిన సమాధానం మనసులో సిద్ధం చేసుకుని, నిద్రపోయేసరికి అర్ధరాత్రి దాటేది. ఇంత శ్రద్ధగా నేను నా స్నేహితుల రాతలు కూడా ఎన్నడూ చదవలేదు. పైగా నేను కూర్చిన తిట్లలో మంచి పదును ఉండేది. నిజం చెప్పాలంటే అంత పదునైన తిట్టు తిట్టే శక్తి ఆ మనిషికి లేదు.

నాలుగో వారంలో ఒక పట్టీ వచ్చింది. దాని కింద ఒక్క జవాబూ లేదు. వ్యాఖ్యానం లేని మూలాన్ని పండితుడు ఏం చేసుకుంటాడు? అరగంట అటూ ఇటూ తిరిగాను. తరువాత, పాఠ పరిష్కరణ కోసమే సుమా, "చూపించు" నొక్కాను.

తన దగ్గరున్న పాత ఎబొనైట్ పెన్ను వేడినీళ్లలో నానబెడితే నలుపంతా పోయిందని, చన్నీళ్లే వాడాలని ఇదివరకు ఒకాయన చెప్పింది అక్షరాలా నిజమని, ఆనాడు తాను తొందరపడ్డానని అతడు రాశాడు. కింద పెన్ను ఫొటో పెట్టాడు. పెన్ను ఎండిన ఆకు రంగుకు తిరిగిపోయి ఉంది.

దీనికి నేను బదులివ్వాలి. రంగు తిరిగి రావడానికి ఏం చేయవచ్చో నాకు తెలుసు కూడా. కానీ బదులిస్తే, నాకు కనిపించని సందేశాన్ని నేను చదివానని తేలిపోతుంది. సంస్కారం గురించిన ఆ మూడు పేరాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఎవరైనా అతడి మాటలను తమ సందేశంలో ఉటంకిస్తే, అది చూసి జవాబిచ్చినట్టుగా గౌరవప్రదంగా ప్రవేశించవచ్చు. పెన్సిలు మాటను అప్పట్లో ఏడుగురు ఉటంకించారు. ఈ సందేశాన్ని ఇంతవరకు ఒక్కరూ ఉటంకించలేదు. ఒక మిత్రుణ్ణి ప్రైవేటుగా అడిగాను, "నీ చర్చల్లోకి నన్ను లాగకు" అన్నాడు. ఆ 14 మందిలో అతడూ ఒకడని తరువాత నా కాగితం చూసుకుంటే తెలిసింది.

ఇవాళ అయిదో రోజు. పొద్దున మళ్లీ చూశాను. పట్టీ అలాగే ఉంది, దాని కింద ఎవరో కొత్త సభ్యుడు పాళీకి ఏ ఇంకు మంచిదని అడుగుతున్నాడు.