కామెర్ల పసరు మందు గారి సముఖమునకు

మహారాజశ్రీ పసరు మందు గారికి నమస్కారాలు.

మొన్న ఆదివారం మా మేనల్లుణ్ణి తీసుకుని తమ దర్శనానికి వచ్చాం. పరగడుపునే రమ్మన్నారు, వచ్చాం. ఎండెక్కినా లైను కదల్లేదు. వాడు అరుగు మీదే వాంతి చేసుకున్నాడు. రక్తపరీక్ష చేయిద్దామంటే బావ కసిరాడు. "కామెర్లకి ఇంగ్లీషు మందు లేదురా, తెలీకపోతే ఊరుకో."

నోరైతే మూసుకున్నాను గానీ చెయ్యి ఊరుకోలేదు. వాడి చేతులకు రాసిన ఆకు ముద్దే కాస్త నేనూ రాసుకుని సున్నపు నీళ్లలో ముంచాను. పచ్చగా దిగింది. నాకు కామెర్లు లేవు మహాప్రభో! "చూశారా, ఎంత విషం పోయిందో" అని తమ వైద్యుడు నా వంక కూడా గర్వంగా చూశాడు.

మణికట్టు మీద వాతలు, నెల్లాళ్ల చప్పిడి పథ్యం... సరే, వదిలేద్దాం. కామెర్లు తెచ్చే లివరు వైరస్ జబ్బుల్లో హెపటైటిస్ ఎ, ఇ కలుషితమైన నీళ్లతో, తిండితో వస్తాయి. చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. కష్టం లివరుది, పేరు తమరిది. మా వీధి మంచినీళ్ల పైపు మురిక్కాలవలోంచే వస్తుంది కాబట్టి తమ గిరాకీకి ఢోకా లేదు. నేల ఉసిరి మహిమంటారా? హెపటైటిస్ బి వైరస్‌ని గుర్తించి నోబెల్ అందుకున్న బ్లంబర్గే దాని మీద పనిచేశాడు. 1988లో మద్రాసులో చేసిన పరీక్షల ఫలితాలు ఆశ పుట్టించాయి, తర్వాతి పరీక్షల్లో నిలబడలేదు.

అసలు వచ్చినవాడికి ఏ కామెర్లో ఒక్కనాడైనా అడిగావా? బి అయితే? రక్తంతో, వాడిన సూదితో, లైంగికంగా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుందది. కళ్లు పచ్చబడకుండానే ఏళ్లతరబడి లోపల కూర్చుని లివరు గట్టిపడిపోయే సిరోసిస్ దాకా, క్యాన్సర్ దాకా లాక్కెళ్లగలదు. నీ గ్లాసు తాగి, కళ్లు తెల్లబడ్డాయని సంబరపడి ఇంటికెళ్లినవాడు మళ్లీ పరీక్ష చేయించుకుంటాడా? దాని దేశీయ టీకా 1997లో మన హైదరాబాదులోనే, శాంతా బయోటెక్నిక్స్‌లో తయారైంది. ఆ కంపెనీ పెట్టిన వరప్రసాద్ రెడ్డి గారి పుణ్యమా అని ధర నేలకు దిగింది. ప్రభుత్వాసుపత్రిలో బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు ఉచితంగా వేస్తారు. సి అయితే చాలామందికి 12 వారాల మాత్రలతో పూర్తిగా పోతుంది. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద అవీ ఉచితమే. ఇంగ్లీషు మందు లేదట!

సోమవారం నేనే వాణ్ణి ల్యాబుకి లాక్కెళ్లాను. ఎ అని తేలింది. తగ్గుతుంది. బావ వచ్చి నీకే కొబ్బరికాయ కొడతాడు, కొట్టించుకో. నువ్వూ ఒకసారి బి పరీక్ష చేయించుకో బావా అంటే, "నా కళ్లు తెల్లగానే ఉన్నాయిగా" అన్నాడు. ఆ ధీమా ఎవరిచ్చారు? నువ్వు కాదూ!

ఇట్లు,
పిల్లాడి మేనమామ