కరెంటు బండికి ఒళ్లు ఎక్కువైంది

2025 డిసెంబరులో ఫోర్డ్ కంపెనీ తన ఎలక్ట్రిక్ పికప్ ట్రక్కు ఎఫ్-150 లైట్నింగ్‌కు మంగళం పాడేసింది. పూర్తి ఎలక్ట్రిక్ రూపంలో ఇక తయారు చేయబోమని, తర్వాతి మోడల్‌లో బ్యాటరీకి తోడు పెట్రోలు జనరేటర్ కూడా ఉంటుందని చెప్పింది. ఎలక్ట్రిక్ వాహనాల ప్లాను మార్చుకున్నందుకు 1,950 కోట్ల డాలర్ల భారాన్ని పద్దుల్లో చూపిస్తామని అప్పుడే ప్రకటించింది. అంతకు మూడు నెలల ముందు స్టెలాంటిస్ తన పూర్తి ఎలక్ట్రిక్ రామ్ ట్రక్కును రోడ్డెక్కకముందే అటకెక్కించింది. ఇంకేముంది, 'అమెరికా వాళ్లకు ఎలక్ట్రిక్ బండ్లు వద్దట' అనే పాట మళ్లీ మొదలైంది. ఈ తీర్పు శుద్ధ తప్పు. జనానికి కరెంటుతో పేచీ ఏమీ లేదు. మూడు నాలుగు టన్నుల బండి తెచ్చి, చెప్పిన ధరకు దాదాపు రెట్టింపు కట్టమంటేనే మొహం తిప్పుకున్నారు.

ఇచ్చిన మాటలు ఒకసారి గుర్తు చేసుకుందాం. 2019 నవంబరులో సైబర్‌ట్రక్‌ను చూపించినప్పుడు టెస్లా చెప్పిన ప్రారంభ ధర 39,900 డాలర్లు. 2021 మేలో ఫోర్డ్ లైట్నింగ్‌కు చెప్పింది 39,974. 2022 జనవరిలో షెవర్లే సిల్వరాడో ఈవీకి జనరల్ మోటార్స్ (జీఎం) చెప్పిందీ 39,900 డాలర్లే. ముగ్గురూ కూడబలుక్కున్నట్టే 40 వేల గీత కింద నిలబడ్డారు. తీరా చూస్తే సైబర్‌ట్రక్ ఆల్ వీల్ డ్రైవ్ ధర 79,990 దగ్గర తేలింది. అత్యధికంగా 500 మైళ్లు వెళుతుందన్న బండి 340 మైళ్ల దగ్గరే ఆగింది. లైట్నింగ్ అమ్మకాలు మొదలై ఏడాది తిరక్కముందే దాని అడుగు ధర దాదాపు 60 వేలకు ఎగబాకింది. తర్వాత కాస్త తగ్గించినా అప్పటికే జనం మనసు విరిగిపోయింది. ఇక సిల్వరాడో మొదట అమ్మకానికొచ్చినప్పుడు 70 వేలు దాటే ఉంది. లైట్నింగ్ కోసం రెండు లక్షల మంది దాకా పేర్లు రాయించుకున్నారంటే గిరాకీ లేదని ఎలా అంటాం? రాయించుకున్నది 40 వేల బండికి. వచ్చింది వేరే బండి.

సైబర్‌ట్రక్ సంగతి ఇంకా విడ్డూరం. ఏడాదికి రెండున్నర లక్షలు చేస్తామని ఎలాన్ మస్క్ ఆశ పెట్టారు. 2025 మార్చిలో, అంచు పట్టీలు ఊడి రోడ్డు మీద పడుతున్నాయని అప్పటిదాకా తయారైన బండ్లను దాదాపు అన్నింటినీ రీకాల్ చేస్తే, ఆ లెక్క 46 వేల పైచిలుకు తేలింది. పదిహేను నెలల అమ్మకాల గుట్టు కంపెనీ నోటి నుంచి కాక రీకాల్ నోటీసులో బయటపడింది.

ధర ఎందుకు పెరిగిందో తెలియాలంటే బ్యాటరీ దగ్గరికే వెళ్లాలి. పికప్ ట్రక్కు ముఖం గోడలా నిటారుగా ఉంటుంది. గాలిని చీల్చుకుని పోదు, నెట్టుకుంటూ పోతుంది. వేగం పెరిగేకొద్దీ కరెంటు మంచినీళ్లలా ఖర్చవుతుంది. అయినా 300, 400 మైళ్లు రావాలంటే ఒక్కటే దారి, పెద్ద బ్యాటరీ పెట్టడం. దాని బరువు మోయడానికి చాసిస్ బలంగా ఉండాలి, టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్ అన్నీ పెద్దవి కావాలి. వాటి బరువు లాగడానికి మళ్లీ ఇంకాస్త బ్యాటరీ. దూరం నడిచే కూలీ తన తిండి మూట కూడా తానే మోసినట్టు ఉంటుంది వ్యవహారం. మూట పెద్దదైతే ఆకలీ పెద్దదవుతుంది.

అంకెల్లో చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. సిల్వరాడో ఈవీలో పెద్ద మోడల్ బ్యాటరీ సామర్థ్యం దాదాపు 205 యూనిట్లు (కిలోవాట్ అవర్లు). దాంతో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం 492 మైళ్లు వెళ్తుంది. ఘనమే. కానీ అదే షెవర్లే షోరూమ్‌లో ఈక్వినాక్స్ ఈవీ ఉంది. 85 యూనిట్ల బ్యాటరీ, 319 మైళ్లు, ధర దాదాపు 35 వేల డాలర్లు. ఒక్క సిల్వరాడోలో కూరిన బ్యాటరీతో రెండు ఈక్వినాక్స్‌లు తయారవుతాయి, ఇంకా కొంత మిగులుతుంది కూడా. మామూలు ప్లగ్ పాయింట్‌కు తగిలిస్తే ఆ ట్రక్కు నిండడానికి ఆరు రోజులు పడుతుంది. ఇంట్లో 11 కిలోవాట్ల ఛార్జర్ పెట్టించుకున్నా దాదాపు 19 గంటలు. రోజుకు ముప్పై నలభై మైళ్లు తిరిగే మనిషి దాన్ని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయడు. అంటే వాడని బ్యాటరీని కొని, వాడని బ్యాటరీని రోజూ మోసుకు తిరుగుతున్నాడన్నమాట.

జీఎం భారీ ట్రక్కు హమ్మర్ ఈవీ ఈ పిచ్చికి పరాకాష్ఠ. బండి బరువు 4,100 కిలోలు. ఒక్క బ్యాటరీయే 1,300 కిలోల పైన. ఒక హోండా సివిక్ కారు మొత్తం బరువు అంత. ఈ పోలిక అమెరికా రవాణా భద్రతా బోర్డు ఛైర్‌పర్సన్ జెనిఫర్ హోమెండీ 2023 జనవరిలో ఒక సభలో చెప్పిందే. ఇంత బరువున్న బండి మూడు సెకన్లలో 60 మైళ్ల వేగం అందుకుంటుందని కంపెనీ గర్వంగా చెప్పుకుంటుంది. ఎదురుగా వచ్చేవాడి సంగతి ఎవరికి పట్టింది? ఖర్చులో చూసినా ఒక మైలుకు ఇది తాగే కరెంటు టెస్లా మోడల్ వై తాగేదానికి రెండింతలు మించి ఉంటుంది.

సరే, ట్రక్కు కొనేది బరువు లాగడానికి కదా. అక్కడైనా నెగ్గిందా అంటే అదీ లేదు. లాగే సత్తా మాత్రం అమోఘం, ఒప్పుకోవాలి. ఎలక్ట్రిక్ మోటారు మొదటి క్షణం నుంచే పూర్తి బలం చూపిస్తుంది. కానీ వెనక పెద్ద ట్రెయిలర్ తగిలించగానే మైలేజీ ఇంచుమించు సగానికి పడిపోతుందని పరీక్ష చేసినవాళ్లంతా చెబుతున్నారు. 320 మైళ్ల లైట్నింగ్ 150, 160 మైళ్లకే ఛార్జర్ కోసం దిక్కులు చూస్తుంది. ఛార్జింగ్ స్టేషన్లేమో చాలావరకు కార్ల పార్కింగ్ లాగా కట్టారు. పెట్రోలు బంకులో లాగా ఇటు నుంచి వచ్చి అటు వెళ్లడానికి ఉండదు. బండి ముక్కు లోపలికి పెడితే ట్రెయిలర్ దారికి అడ్డం. కాబట్టి ముందు ట్రెయిలర్‌ను ఓ పక్కకు తీసుకెళ్లి, చక్రాలకు అడ్డు పెట్టి, జాకీ దించి, గొలుసులు విప్పి, లైట్ల వైరు ఊడదీసి, అప్పుడు బండిని ఛార్జర్ దగ్గరికి తేవాలి. ఛార్జింగయ్యాక అవే పనులు తిరగేసి చేయాలి. వర్షంలో, చీకట్లో, వెనక సీట్లో పిల్లలు గోల చేస్తుంటే. ఇలా ఒకసారి చేసినవాడు రెండోసారి డీజిల్ బండి వైపు చూశాడంటే అతన్ని తప్పుపట్టలేం.

ఎస్‌యూవీల దగ్గర కథ వేరేగా ఉంది, ఎందుకంటే అక్కడ పరిమాణం అదుపులో ఉన్న బండ్లు గెలిచాయి. 2023లో ప్రపంచం మొత్తం మీద ఎక్కువగా అమ్ముడైన కారు టెస్లా మోడల్ వై. పెట్రోలు, డీజిల్ బండ్లన్నింటినీ కలుపుకునే ఈ లెక్క. హ్యుందాయ్ అయానిక్ 5, ఈక్వినాక్స్ లాంటివి మామూలు కుటుంబం కొనగలిగిన, రోజూ వాడుకోగలిగిన బండ్లు. కియా ఈవీ9 మూడు వరుసల సీట్లతో వచ్చినా వంద యూనిట్ల బ్యాటరీలోపే సర్దుకుంది. మధ్యతరగతికి ఎస్‌యూవీ అంటే ఇంత చాలు. కానీ కంపెనీల కన్ను అక్కడ ఆగదు. కాడిలాక్ ఎస్కలేడ్ ఐక్యూ చూడండి. అదే 205 యూనిట్ల బ్యాటరీ, నాలుగు టన్నులు దాటిన బరువు, లక్షా ముప్పై వేల డాలర్ల పరిధిలో ధర. ఇదీ 'పర్యావరణ హిత వాహనం' ఖాతాలోనే.

దీనికి అవతలి వైపు వాదన తెలియనిది కాదు. జనం పెద్ద బండ్లే అడుగుతున్నారు, లాభాలు వాటి మీదే ఉన్నాయి, ఫోర్డ్ ఎఫ్-సిరీస్ దశాబ్దాలుగా అమెరికాలో ఎక్కువగా అమ్ముడయ్యే ట్రక్కు, కాబట్టి దాన్నే ముందు ఎలక్ట్రిక్ చేయాలి అంటారు. ఒకే సైజు పెట్రోలు ట్రక్కుతో పోలిస్తే ఎలక్ట్రిక్ ట్రక్కు పొగ తక్కువే అన్నదీ నిజమే. కరెంటు పోయిన ఇంటికి లైట్నింగ్ రోజుల తరబడి కరెంటు ఇవ్వగలదు, అది నిజంగా గొప్ప సౌకర్యం. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. జనం పెద్ద బండ్లే అడుగుతున్నారన్నారు సరే, అసలు వాళ్ల ముందు చిన్న ఎలక్ట్రిక్ ట్రక్కు పెట్టిందెవరు?

ఎవరూ పెట్టలేదు. పెట్టకుండా చేసిన చట్టాలున్నాయి. నా మటుకు నాకు ఈ మొత్తం కథలో అసలు విలన్ అక్కడే ఉన్నాడు.

1960ల మొదట్లో అమెరికా కోడిమాంసం మీద ఐరోపా దేశాలు సుంకం వేశాయి. ఆ కోపంతో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దిగుమతయ్యే చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం విధించారు. 1964లో అమల్లోకి వచ్చిన ఈ 'చికెన్ ట్యాక్స్' ఇప్పటికీ పోలేదు. కోళ్ల పంచాయితీ ఎవరికీ గుర్తు లేదు, సుంకం మాత్రం అరవై ఏళ్లుగా కూర్చునే ఉంది. దాని నీడలో డెట్రాయిట్‌లోని అమెరికా కార్ల కంపెనీలకు ట్రక్కుల్లో బయటి పోటీ భయం లేకుండా పోయింది. పోటీ లేనిచోట బండి ఎందుకు చిన్నదవుతుంది? దీనికి తోడు 2024లో చైనా ఎలక్ట్రిక్ వాహనాల మీద వంద శాతం సుంకం. చైనా కంపెనీ బీవైడీ తెచ్చిన షార్క్ అనే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (ఛార్జింగ్, పెట్రోలు రెండూ ఉన్న) పికప్ అదే ఏడాది పక్కనున్న మెక్సికోలో అమ్మకానికొచ్చింది. సరిహద్దు దాటి రాలేదు, రానివ్వలేదు.

రెండో చట్టం ఇంకా గడుసుది. ఇంధన పొదుపు ప్రమాణాలను బండి చక్రాల మధ్య వైశాల్యాన్ని బట్టి లెక్కగడతారు. బండి ఎంత పెద్దదైతే అందుకోవాల్సిన లక్ష్యం అంత సులువు. అందులోనూ 'లైట్ ట్రక్' అనిపించుకుంటే మరింత వెసులుబాటు. పొదుపు కోసం పెట్టిన నిబంధనే బండిని సాగదీయమని ఇంజినీరుకు చెప్పింది. 2025లో వచ్చిన చట్టంతో ఈ ప్రమాణాలు తప్పితే కట్టాల్సిన జరిమానాను సున్నా చేసేశారు. ఇక ఆ మాత్రం భయం కూడా లేదు.

2022 నాటి 7,500 డాలర్ల పన్ను రాయితీ ఎలక్ట్రిక్ బండ్లకు పెద్ద వరమని అందరం చంకలు గుద్దుకున్నాం. మామూలు కారుకు రాయితీ రావాలంటే ధర 55 వేలు దాటకూడదు. ఎస్‌యూవీ, పికప్ అయితే 80 వేల దాకా ఫర్వాలేదు. పన్ను కట్టే సామాన్యుడి డబ్బు ఖరీదైన, బరువైన బండి వైపే ఎక్కువ ఉదారంగా ప్రవహించింది. 2025 సెప్టెంబరు 30తో ఆ రాయితీ ఎగిరిపోయింది. కానీ మొత్తం లోడుతో 6,000 పౌండ్లు, అంటే 2,700 కిలోలు దాటే బండిని వ్యాపారం పేరుతో కొంటే, పన్ను లెక్కల్లో మామూలు కారుకుండే తరుగుదల (డిప్రిసియేషన్) పరిమితులు వర్తించవన్న నిబంధన మాత్రం చెక్కుచెదరలేదు. సివిక్ కొన్న చిరు వ్యాపారికి లేని సౌకర్యం హమ్మర్ కొన్నవాడికి ఉంది.

ఈ బరువు మూల్యం కొన్నవాడొక్కడే చెల్లించడు. 2023లో నెబ్రాస్కా-లింకన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు హైవే పక్కనుండే ఉక్కు రెయిలింగ్ మీదకు గంటకు 60 మైళ్ల వేగంతో రివియన్ ఆర్1టీ ఎలక్ట్రిక్ ట్రక్కును పంపారు. మూడు టన్నులు దాటిన ఆ ట్రక్కు రెయిలింగ్‌ను చీల్చుకుని వెళ్లి వెనకున్న కాంక్రీటు గోడకు గుద్దుకుంది. ఆ రెయిలింగులు డిజైన్ చేసింది 5,000 పౌండ్ల దాకా ఉండే బండ్లకు. వాటిని ఎవరు మారుస్తారు, ఎవరి డబ్బుతో? ఇక బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండ్లు గుద్దితే పాదచారి చనిపోయే ముప్పు, ఎత్తు తక్కువగా, ఏటవాలుగా ఉన్న బానెట్‌తో పోలిస్తే 45 శాతం ఎక్కువని అమెరికా బీమా సంస్థల భద్రతా పరిశోధన విభాగం 2023లో తేల్చింది. బానెట్ కింద ఇంజిన్ లేని బండికి అంత ఎత్తు ముఖం ఎందుకో ఎవరైనా చెప్తే వినాలని ఉంది. లైట్నింగ్‌లో ఆ చోటు సామాన్ల పెట్టె. సూట్‌కేసుల కోసం గోడ కట్టారు!

అందుకే బరువును బట్టి పన్ను వేయాలన్నది నా గట్టి అభిప్రాయం. ఇదేమీ గాలిలో మేడ కాదు. వాషింగ్టన్ డీసీలో 6,000 పౌండ్లు దాటిన బండికి ఏటా 500 డాలర్ల రిజిస్ట్రేషన్ ఫీజు ఉంది. ఎలక్ట్రిక్ అయితే బ్యాటరీ కోసం వెయ్యి పౌండ్లు మినహాయిస్తారు, అది న్యాయమే. ఎలక్ట్రిక్ బండ్లను నెత్తిన పెట్టుకున్న నార్వే కూడా 2023 నుంచి వాటిపై బరువు పన్ను వేస్తోంది. పారిస్ 2024 ఫిబ్రవరిలో ఓటింగ్ పెట్టి మరీ, బయటి నుంచి వచ్చే భారీ బండ్ల పార్కింగ్ ఫీజును మూడింతలు చేసింది. రెండు టన్నులు దాటితే ఎలక్ట్రిక్ బండికీ మినహాయింపు లేదు.

చిన్న ట్రక్కు మీద బుద్ధి పుట్టిన కంపెనీలు లేకపోలేదు. జెఫ్ బెజోస్ పెట్టుబడి ఉన్న స్లేట్ అనే కంపెనీ 2025 ఏప్రిల్‌లో చూపించిన రెండు సీట్ల ట్రక్కులో బ్యాటరీ 53 యూనిట్లే, మైలేజీ 150 మైళ్లు. అద్దాలు చేత్తో తిప్పుకోవాలి, టచ్ స్క్రీన్ లేదు, రంగు కూడా వేయరు. రాయితీ పోయాక దాని ధర అంచనా 25 వేల డాలర్ల చుట్టూ తిరుగుతోంది. లైట్నింగ్‌తో చేయి కాల్చుకున్న ఫోర్డ్ కూడా 2027లో 30 వేల డాలర్లకు నాలుగు డోర్ల మధ్యస్థాయి ఎలక్ట్రిక్ పికప్ తెస్తానంటోంది, చవకైన ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీతో. 40 వేల మాట తప్పిన కంపెనీ 30 వేల మాట ఇస్తుంటే అనుమానం రావడం సహజమే. అందాకా బండి కొనేవాళ్లు షోరూమ్‌లో మైలేజీ, స్క్రీన్ సైజు అడిగే ముందు బ్యాటరీ ఎన్ని యూనిట్లు, బండి ఎన్ని కిలోలు అని అడగండి. సేల్స్‌మన్ ఆ అంకెలు వెతుక్కుంటే, ఇంతవరకు ఎవరూ అడగలేదని అర్థం.