ఉదారం ఎవరి మీద?

పేపర్లు దిద్దే మాస్టారు నాలుగు మార్కులు ఎక్కువేస్తే 'లిబరల్‌గా వేశారు' అంటాం. కూతురు కులం కాని పిల్లాణ్ని చేసుకుంటానంటే సరేనన్న తండ్రినీ లిబరల్ అంటాం. రాజకీయాల్లోకి వచ్చేసరికి ఈ మాటను తెలుగులో రెండు ముక్కలు చేసుకున్నాం. మనిషికైతే ఉదారవాదం, మార్కెట్‌కైతే సరళీకరణ. రెండింటికీ చుట్టరికం ఉందని పేరు చూసి ఎవరూ పోల్చుకోలేరు. పార్టీలకు ఇది బాగా కలిసొచ్చింది.

అమెరికాలో లిబరల్ అంటే సర్కారు పేదల కోసం ఖర్చు పెట్టాలనేవాడు. ఆస్ట్రేలియాలో లిబరల్ పార్టీ అంటే సంప్రదాయవాదుల పార్టీ. మన దగ్గర 1959లో పుట్టిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడు ఎన్.జి. రంగా. రైతు పొలంలోకి సర్కారు చొరబడకూడదన్నది ఆయన ఉదారవాదం. ఇన్ని అర్థాలూ వచ్చి ఢీకొన్న ఊరు విశాఖ.

ఉక్కు కర్మాగారం సంగతే చూడండి. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోతే వచ్చిన ఫ్యాక్టరీ అది. 1992లో దాన్ని జాతికి అంకితం చేసిన ప్రధాని పీవీ నరసింహారావు. అంతకు ఏడాది ముందు సరళీకరణకు తలుపులు తెరిచిందీ ఆయనే. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ తర్వాత ఫ్యాక్టరీ దగ్గర కూర్మన్నపాలెంలో కార్మికుల దీక్షా శిబిరానికి నాయకులు వరసకట్టారు. టెంటు కింద ఉన్నంతసేపు ప్రైవేటీకరణ ద్రోహం, ఢిల్లీ విమానం ఎక్కితే అది సంస్కరణ. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ వచ్చింది. మంచిదే. అయితే కార్మికులు అడిగింది డబ్బొక్కటే కాదు, అమ్మకం నిర్ణయాన్ని రద్దు చేశామన్న మాట కూడా.

అదే ఏడాది ఐటీ కంపెనీ టీసీఎస్‌కు విశాఖలో 21 ఎకరాల పైచిలుకు భూమిని 99 పైసలకు కేటాయించారు. ఐటీ వద్దని మేం అనం. మధురవాడ పిల్లలు హైదరాబాద్ బస్సెక్కకుండా ఇక్కడే ఉద్యోగం చేసుకుంటే అంతకంటే కావలసిందేముంది? మా అభ్యంతరం మాటల మీద. కంపెనీకిస్తే ప్రోత్సాహకం, పింఛనిస్తే ఉచితం. ఇక ఉక్కుకు భూములిచ్చి, పునరావాసం కింద దక్కిన ఆర్ కార్డులు పట్టుకుని తిరిగే నిర్వాసితులు ఉద్యోగం అడిగితే దానికి నిబంధనలు! చెయ్యి ఎవరి వైపు చాచాలో ముందే తేల్చుకుని, దానికి తగిన పేరు తర్వాత వెతుక్కుంటున్నారు.

పథకాలూ పెట్టుబడులూ సరే, ఉదారవాదానికి అసలు కీలకం జనం చేతికి అధికారం ఇవ్వడం. ఆ లెక్కన విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ చరిత్ర సిగ్గుపడాల్సినంత ఉంది. 2007 తర్వాత మళ్లీ ఎన్నికలు 2021లో గానీ జరగలేదు. 2012 నుంచి తొమ్మిదేళ్లు ఈ మహానగరం కార్పొరేటర్ అనేవాడు లేకుండా ప్రత్యేకాధికారుల కింద గడిచింది. వీధి దీపం వెలగకపోతే ఎవరి గడప తొక్కాలో తెలియదు. ఆ తొమ్మిదేళ్లలో రాష్ట్రాన్ని ఏలిన పార్టీలు మూడు. ఎట్టకేలకు ఓటేసిన జనం 98 డివిజన్లలో 58 ఒక పార్టీకి ఇచ్చారు. 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసం పెట్టి మేయర్‌ను మార్చారు. మధ్యలో ఓటరును అడిగినవాళ్లు లేరు. అంతకుముందు విశాఖ దక్షిణంలో సైకిల్ గుర్తు మీద గెలిచిన ఎమ్మెల్యే ఫ్యాను గాలికి జరిగినప్పుడూ అడగలేదు.

అందుకే ఓటరు తన లెక్క తాను చూసుకుంటున్నాడు. విశాఖ లోక్‌సభ స్థానంలో 2009లో కాంగ్రెస్, 2014లో బీజేపీ, 2019లో వైసీపీ, 2024లో తెలుగుదేశం. నాలుగు ఎన్నికలు, నాలుగు పార్టీలు. 2019లో మెజారిటీ 4,414 ఓట్లు, అయిదేళ్లకు 5,04,247. దీన్ని అభిమానం అనుకుంటే పొరపాటు. పక్కనే అరకు లోక్‌సభ స్థానంలో 2024లోనే 50 వేలకు పైగా ఓట్లు నోటాకు పడ్డాయి. కొన్ని తెలియక పడి ఉండొచ్చు, అన్నీ తెలియకనే పడ్డాయంటే మేం నమ్మం.

మళ్లీ జీవీఎంసీ ఎన్నికలకు ఓట్లడగడానికి వచ్చేవాళ్లు ఉదారవాదం మీద ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. గెలిచాక కండువా మార్చాలనిపిస్తే ముందు రాజీనామా చేస్తారా లేదా, ఎవరి భూమిని ఎంతకు ఎవరికిస్తారో కౌన్సిల్‌లో చర్చకు పెట్టమని పట్టుబడతారా లేదా, ఈ రెండూ కరపత్రంలో అచ్చేసి సంతకం పెట్టి ఇవ్వాలి.