బెవన్‌కి ఆ అతిశయోక్తులు అక్కర్లేదు

జూలై 5 దగ్గరపడుతోందంటే ఒక పోస్టు మళ్లీ తిరగడం మొదలవుతుంది. బ్రిటన్‌లో అందరికీ వైద్యం అందించే ఎన్‌హెచ్‌ఎస్ 1948లో మొదలైన రోజు అది. పోస్టు చెప్పేది ఇది: "వేల్స్ ఎంపీ అనైరిన్ బెవన్ ఒక్కడే తన బుర్రలోంచి ఎన్‌హెచ్‌ఎస్‌ని పుట్టించాడు. కన్సర్వేటివ్ పార్టీ దానికి వ్యతిరేకంగా 22 సార్లు ఓటేసింది. డాక్టర్లంతా ఎదురుతిరిగినా ఆయన ఒక్క మెట్టు దిగలేదు. ఒక్క పెన్నీ వసూలుకీ ఒప్పుకోలేదు. ఫీజు పెట్టగానే ఆరోగ్య మంత్రి పదవిని వదిలేశాడు." కింద ఆయన ఫొటో, ఆయన అన్నాడంటూ ఒక వాక్యం. దాని వెనకే జవాబు పోస్టు ఇంకోటి వస్తుంది: "అదంతా కట్టుకథ. పథకం చర్చిల్ ప్రభుత్వానిది, బెవన్ సంతకం పెట్టాడంతే."

రెండూ తప్పే. బెవన్ 13 ఏళ్లకే గనిలోకి దిగాడు. 1929 నుంచి 1960లో చనిపోయేదాకా వేల్స్‌లోని ఎబూ వేల్‌కి లేబర్ పార్టీ ఎంపీగా ఉన్నాడు. ఆయన సభలో ఏం చేశాడో హాన్సార్డ్‌లో, అంటే పార్లమెంటు ముద్రించే చర్చల నివేదికలో, తేదీలతో సహా ఉంది. అది చదివితే ఈ పోస్టులు అక్కర్లేదు. వాటిలోవీ, వాటితోపాటు వినబడేవీ మాటలు ఒక్కొక్కటే చూద్దాం.

"కన్సర్వేటివ్‌లు 22 సార్లు వ్యతిరేకంగా ఓటేశారు."

కొన్ని పోస్టుల్లో ఇది 21. ఏ ఓట్లను కలిపితే ఆ అంకె వచ్చిందో ఏ పోస్టూ చెప్పదు. బ్రిటన్ కామన్స్ సభలో ఒక బిల్లు మీద ఎన్నో రకాల ఓట్లు పడతాయి. బిల్లు మూల ఉద్దేశాన్ని సెకండ్ రీడింగ్‌లో తేలుస్తారు. తర్వాత కమిటీలో ఒక్కో క్లాజు, ఒక్కో సవరణ పరిశీలిస్తారు. రిపోర్ట్ దశలో మళ్లీ సవరణలు వస్తాయి. థర్డ్ రీడింగ్‌లో మొత్తం బిల్లు మీద ఆఖరి మాట. పై సభలో మార్పులు జరిగితే వాటి మీద ఇంకో విడత. "జిల్లా కమిటీలో ఇంతమంది ఉండాలి" అన్న సవరణ మీద పడ్డ ఓటునీ "ఈ బిల్లే వద్దు" అన్న ఓటునీ ఒకే గాట కడితే అంకె ఎంతైనా పెంచుకోవచ్చు.

బిల్లు మొత్తాన్నీ ఆపాలని పడ్డ ఓట్లు కామన్స్‌లో రెండు. సెకండ్ రీడింగ్ చర్చ 1946 ఏప్రిల్ 30న మొదలై మే 2 దాకా సాగింది. ఓటింగ్‌లో బిల్లు వైపు 359, వ్యతిరేకంగా 172. థర్డ్ రీడింగ్ జూలై 26న: 261, 113. రెండుసార్లూ కన్సర్వేటివ్‌లు ప్రతిపక్షంలో కూర్చుని బిల్లుని తిరస్కరించాలని ఓటేశారు. ఇది మరుగుపరచలేని నిజం. ఆ రెండు తేదీలే చాలు, 22 అవసరం లేదు.

అయితే వాళ్లు ఓటేసింది దేని మీదో కూడా చెప్పాలి. రెండుసార్లూ వాళ్లు పెట్టింది కారణాలు రాసి బిల్లుని తిరస్కరించే సవరణ. సెకండ్ రీడింగ్ సవరణ "సమగ్ర ఆరోగ్య సేవ ఏర్పడాలని కోరుకుంటూనే" అన్న అర్థంతో మొదలవుతుంది. కుటుంబ వైద్యుడి స్వతంత్రత, ఆసుపత్రుల స్థానిక యాజమాన్యం, దాతలిచ్చిన నిధులు దెబ్బతింటాయని అభ్యంతరం చెబుతుంది. కాబట్టి "ఉచిత వైద్యమే వద్దన్నారు" అంటే తప్పు, "వాళ్లూ సమర్థించారు" అన్నా తప్పే. సేవ కావాలన్నారు, బెవన్ తెచ్చిన రూపంలో వద్దన్నారు, వద్దనే ఓటేశారు.

దీన్ని స్వయంగా సరిచూసుకోవాలనుకునేవాళ్లు ఒకచోట తడబడతారు. మే 2 చర్చ చివర సభాపతి అడిగిన ప్రశ్న "బిల్లుని ఆమోదిస్తారా?" కాదు. "తీసేయాలని ప్రతిపాదించిన మాటలు ప్రశ్నలో అలాగే ఉండాలా?" అన్నది ఆనాటి పద్ధతి. అందువల్ల అక్కడ "ఐ" (Aye, అంటే అవును) అన్నవాళ్లు ప్రతిపక్ష సవరణని కాదన్నవాళ్లు, "నో" అన్నవాళ్లు సవరణ కావాలన్నవాళ్లు. సవరణ పాఠం చదివి నేరుగా పేర్ల జాబితాకి దూకితే పక్షాలు తారుమారవుతాయి. ఓట్లు లెక్కించే టెల్లర్లు ఒక్కో పక్షానికి ఇద్దరు ఉంటారు. వాళ్ల పేర్లు జాబితా కింద విడిగా ఉంటాయి, మొత్తంలో కలవవు. సభకి రానివాళ్లూ, వచ్చి ఓటేయనివాళ్లూ జాబితాలో కనబడరు. ఒక ఎంపీ పేరు లేనంతమాత్రాన వ్యతిరేకించాడని రాయకూడదు. స్టాండింగ్ కమిటీ చర్చలు వేరే సంపుటాల్లో అచ్చయ్యాయి. ప్రధాన హాన్సార్డ్ మాత్రమే వెతికి క్లాజుల ఓట్లన్నీ లెక్కపెట్టామంటే నమ్మక్కర్లేదు. మొదలుపెట్టాల్సిన చోటు 422వ సంపుటం, 43వ కాలమ్. బెవన్ బిల్లుని సభ ముందు పెడుతూ చేసిన ప్రసంగం అక్కడుంది.

"ఆయనొక్కడే పుట్టించాడు", "సంతకం పెట్టాడంతే."

ఈ రెంటికీ జవాబు ఒకటే, ఆసుపత్రులు. ఆలోచన బెవన్‌కి ముందే ఉంది. మరో వేల్స్ ఎంపీ లాయిడ్ జార్జ్ 1911లో తెచ్చిన బీమా చట్టం కార్మికుడికి డాక్టర్ని ఇచ్చింది. అతని భార్యాపిల్లల్ని మాత్రం బయటే ఉంచింది. బెవన్ సొంత ఊరు ట్రెడీగర్‌లో కార్మికులు జీతాల్లోంచి కొంత వేసుకుని నడుపుకున్న మెడికల్ ఎయిడ్ సొసైటీ దాదాపు ఊరంతటినీ చూసుకునేది. 1942లో సాంఘిక భద్రత మీద వచ్చిన బెవరిజ్ నివేదిక సమగ్ర ఆరోగ్య సేవ తప్పనిసరి అంది (ఆ బెవరిజ్ పుట్టింది మన ఉపఖండంలోనే, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్‌లో). 1944 ఫిబ్రవరిలో చర్చిల్ నాయకత్వంలోని సంకీర్ణ ప్రభుత్వపు ఆరోగ్య మంత్రి హెన్రీ విలింక్ శ్వేతపత్రం తెచ్చాడు. అందరికీ, ఉచితంగా అన్న మాటలు అందులో ఉన్నాయి.

లేనిది ఆసుపత్రుల యాజమాన్యం. విలింక్ పత్రం ప్రకారం చందాల మీద నడిచే వాలంటరీ ఆసుపత్రులు విడిగానే ఉంటాయి, మున్సిపల్ ఆసుపత్రులు స్థానిక సంస్థల చేతుల్లోనే ఉంటాయి. ఇంగ్లండ్, వేల్స్ కలిపి వాలంటరీ ఆసుపత్రులు 1,143, వాటిలో దాదాపు 90,000 పడకలు. మున్సిపల్‌వి 1,545, దాదాపు 3,90,000 పడకలు. వాలంటరీ ఆసుపత్రిలో చేరినవాళ్ల పక్కకి ఆల్మనర్ అనే ఉద్యోగిని వచ్చేది. ఇంట్లో ఎంత వస్తుంది, ఎంత కట్టగలరు అని ఆరా తీసి రాసుకునేది. ధనికులు ఎక్కువున్న చోట చందాలు వస్తాయి, ఆసుపత్రి బాగుంటుంది. గనుల లోయల్లో జబ్బులెక్కువ, చందాలు తక్కువ. బెవన్ పట్టుబట్టింది ఇక్కడే. రెండు రకాలనీ కలిపి జాతీయం చేయాలన్నాడు. 1945 అక్టోబరులో, తను ఆరోగ్య మంత్రిగా ఉన్న లేబర్ మంత్రివర్గానికి ఇది వచ్చినప్పుడు సొంత పార్టీ పెద్ద హెర్బర్ట్ మారిసనే మున్సిపాలిటీల తరఫున అడ్డుపడ్డాడు. ప్రధాని అట్లీ బెవన్ వైపు నిలిచాడు. అట్లీ మద్దతు లేకపోతే ఆ క్లాజు ఉండేది కాదు, కనుక "ఒక్కడే" కాదు. బెవన్ లేకపోతే ఆ క్లాజు రాసేవాళ్లే ఉండరు, కనుక "సంతకం" కూడా కాదు. బిల్లుకి రాజు ఆమోదం 1946 నవంబరు 6న వచ్చింది.

"బ్రిటన్ మొత్తానికీ ఆయన చట్టమే."

కాదు. 1946 చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లకే. స్కాట్లండ్‌కి 1947లో వేరే చట్టం, ఉత్తర ఐర్లండ్‌కి ఇంకోటి. మూడూ మొదలైన రోజు మాత్రం ఒకటే.

"డాక్టర్లంతా ఎదురుతిరిగినా ఒక్క మెట్టు దిగలేదు."

ఎదురుతిరిగిన మాట నిజం. 1948 ఫిబ్రవరిలో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ జరిపిన ఓటింగ్‌లో చట్టానికి వ్యతిరేకంగా 40,814, అనుకూలంగా 4,735. దిగలేదన్నది నిజం కాదు, ఆయనకి అవమానమూ కాదు. పెద్దాసుపత్రుల స్పెషలిస్టులకి పార్ట్‌టైమ్ ఒప్పందం ఇచ్చాడు, ప్రభుత్వాసుపత్రిలోనే డబ్బు కట్టే ప్రైవేటు పడకలు ఉంచాడు. ఫ్యామిలీ డాక్టర్లకి అసలు భయం తమని జీతగాళ్లని చేస్తారేమోనని. 1948 ఏప్రిల్ 7న సభలో లేచి, పూర్తి జీతం పద్ధతిని నిబంధనలతో దొడ్డిదారిన తేకుండా చట్టాన్నే సవరిస్తానని మాటిచ్చాడు. మే నెల ఓటింగ్‌లో వ్యతిరేకం 25,842కి పడిపోయింది, అనుకూలం 14,620కి పెరిగింది. నెలాఖరుకి సంఘం చేరమని సలహా ఇచ్చింది.

పట్టు విడవని చోటు ఇంకోటుంది, దాన్ని పోస్టులు ఎందుకో పట్టించుకోవు. ఆ రోజుల్లో రిటైరయ్యే డాక్టరు తన ప్రాక్టీసుని, అంటే తన పేషెంట్ల జాబితాని, నడుస్తున్న దుకాణాన్ని అమ్మినట్టు కొత్త డాక్టరుకి అమ్మేవాడు. అప్పు చేసి కొన్నవాడు డబ్బున్న పేటకే వెళ్తాడు కదా. బెవన్ ఈ క్రయవిక్రయాన్ని నిషేధించి, పరిహారంగా 6.6 కోట్ల పౌండ్లు కేటాయించాడు. డాక్టర్లు ఇప్పటికే కిక్కిరిసిన చోట కొత్తవాళ్లు చేరకుండా చూడడానికి కమిటీ వేశాడు. తర్వాతి దశాబ్దాల్లో వేల్స్ లోయల్లోని ప్రాక్టీసుల్ని నిలబెట్టినవాళ్లలో మన ఉపఖండం నుంచి వెళ్లిన డాక్టర్లు ఎందరో.

"పోరాడే నమ్మకమున్న జనం మిగిలినంత కాలం ఎన్‌హెచ్‌ఎస్ ఉంటుంది: బెవన్"

ఫొటో కింద తిరిగే ఈ వాక్యం బెవన్ అన్నట్టు ఆధారం లేదు. 1997 నాటి ఒక టీవీ నాటకంలో బెవన్ పాత్ర చేత పలికించిన మాట ఇది. స్పెషలిస్టుల "నోళ్లు బంగారంతో నింపాను" అన్నది కూడా ప్రైవేటు సంభాషణగా తర్వాత వేరొకరు రాసిందే, సభలో అన్నది కాదు.

"నేషనల్ ఇన్సూరెన్స్ కట్టినవాళ్లకే, మన ఆరోగ్యశ్రీ లాంటిది."

పోలిక కుదరదు. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీకి అర్హత ఉంది, చికిత్సల జాబితా ఉంది, కుటుంబానికి పరిమితి ఉంది. బెవన్ చట్టంలో నేషనల్ ఇన్సూరెన్స్, అంటే ప్రభుత్వ బీమా చందా, కట్టి ఉండాలన్న అర్హత లేదు. 1948లో ఇంటింటికీ పంచిన కరపత్రంలోనే ఆ ముక్క స్పష్టంగా రాశారు. డబ్బు ప్రధానంగా పన్నుల నుంచి వస్తుంది. ఇప్పుడు వీసాతో వెళ్లే మనవాళ్లు చాలామంది ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి కడుతున్నారు, కానీ అది 2015లో వచ్చింది. దేశంలో స్థిరంగా నివసించనివాళ్ల నుంచి డబ్బు తీసుకునే అధికారం మాత్రం 1949 సవరణ చట్టంలోని 17వ సెక్షన్‌లోనే ఉంది. అప్పుడు ఆరోగ్య మంత్రి బెవనే.

"ఒక్క పెన్నీకీ ఒప్పుకోలేదు, ఫీజు పెట్టగానే ఆరోగ్య మంత్రి పదవి వదిలేశాడు."

ఆయన్ని ప్రేమించేవాళ్లు కూడా ఎక్కువగా తప్పు రాసేది ఇక్కడే. 1946 చట్టం ఒకటో సెక్షనే "ఈ చట్టం స్పష్టంగా చెప్పిన చోట్ల తప్ప ఉచితం" అంటుంది. నిర్లక్ష్యంగా పాడుచేసుకున్న కట్టుడు పళ్లకి, ఖరీదైన కళ్లజోడు ఫ్రేములకి మొదటి నుంచీ డబ్బు కట్టాలి. ఇక 1949 సవరణ చట్టం 16వ సెక్షన్ మందుల చీటీ మీద రుసుము వేసే అధికారాన్నిచ్చింది. ఖర్చు అంచనాలు మించి పెరుగుతోందని మంత్రివర్గం ఒత్తిడి చేస్తే బెవన్ ఇష్టం లేకుండానే ఆ అధికారానికి ఒప్పుకున్నాడు. అమలు కాకుండా మాత్రం ఆపాడు.

1951 ఏప్రిల్‌లో రాజీనామా చేసేటప్పటికి ఆయన ఆరోగ్య మంత్రి కాదు, జనవరిలోనే కార్మిక శాఖకి మారాడు. ఆర్థిక మంత్రి గైట్‌స్కెల్ బడ్జెట్‌లో కట్టుడు పళ్ల, కళ్లజోళ్ల ఖర్చులో సగం రోగి మీద వేశాడు. ఆదాయం మొదటి ఏడాది 1.3 కోట్ల పౌండ్లు, పూర్తి ఏడాదికి 2.3 కోట్లు. పక్కనే మూడేళ్ల ఆయుధ కార్యక్రమం 470 కోట్లు. ఏప్రిల్ 23న సభలో రాజీనామా ప్రసంగం చేస్తూ బెవన్ కళ్లజోళ్ల దగ్గరే ఆగలేదు. ముడిసరుకులు, యంత్రాలు దొరకవు కాబట్టి ఆయుధాలకి కేటాయించిన ఆ డబ్బుని ఖర్చుపెట్టడమే కుదరదని వాదించాడు. హెరాల్డ్ విల్సన్, జాన్ ఫ్రీమన్ కూడా ఆయనతోపాటు తప్పుకున్నారు.

బెవన్ చేతిలో ఖాళీగా ఉండిపోయిన మందుల రుసుము అధికారాన్ని 1952 జూన్‌లో కన్సర్వేటివ్ ప్రభుత్వం వాడింది, చీటీకి ఒక షిల్లింగ్. 1965లో లేబర్ ఎత్తేసింది, 1968లో లేబరే మళ్లీ పెట్టింది. వేల్స్‌లో అది 2007 ఏప్రిల్ 1న పూర్తిగా పోయింది. అక్కడి డాక్టరు దగ్గర నమోదై, అక్కడి మందుల షాపులో తీసుకుంటే ఏమీ కట్టక్కర్లేదు. సెవర్న్ వంతెన దాటి ఇంగ్లండ్‌లో అడుగుపెడితే, మినహాయింపు లేనివాళ్లకి 2024 మే నుంచి మందుకి 9.90 పౌండ్లు.