చేపా చేపా, నీ నిగూఢార్థమేమి?

మా ఇంట్లో నెల రోజులుగా ఒక్క కథా చివరిదాకా సాగడం లేదు. ఎవరైనా ‘అనగనగా’ అనడమే ఆలస్యం, దాన్ని విప్పి చూడటానికి స్క్రూడ్రైవర్ పట్టుకుని ఒక మనిషి సిద్ధంగా ఉంటున్నాడు. ఆ మనిషి మా మేనల్లుడు. ఇంజినీరింగ్ అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు, ఈలోగా ఫాంటసీ నవలలు చదువుతున్నాడు. చదవనీ, నేనూ చదివినవాణ్ణే. ఆ నవలల్లో పాత్రలు దారిలో ఆగి ఒక పాతకాలం కథ చెప్పుకుంటాయి చూడండి, వీడికి యుద్ధాలూ డ్రాగన్లూ అక్కర్లేదు, అదే కావాలి. రహస్యమంతా అందులోనే ఉంటుందట. ఆదివారం సాయంత్రం తిరుపతి ప్రకాశం పార్కులో ఇలాంటివాళ్లే అయిదారుగురు చేరి చెనక్కాయలు ఒలుస్తూ ఒక్కో కథనూ ఒలుస్తారు. చెనక్కాయల్లో అయినా గింజలు దొరుకుతున్నాయి.

ఈ జబ్బు ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. హ్యారీ పోటర్ చివరి నవల, 2007. అందులో ముగ్గురు అన్నదమ్ముల కథ ఒకటుంది. నది దాటుతుంటే మృత్యువు ఎదురై తలా ఒక వరం ఇస్తుంది. పెద్దవాడికి ఓటమి లేని మంత్రదండం, నడిమివాడికి చనిపోయినవాళ్లను పిలిచే రాయి, చిన్నవాడికి మనిషిని మాయం చేసే ముసుగు. పిల్లల కథే. కానీ ఆ మూడూ నవలలో నిజంగానే ఉంటాయి. ఆ కథ ఏ అవ్వా ఏ అరుగు మీదా చెప్పింది కాదు. ఒక రచయిత్రి తన అవసరం కోసం తాళం తానే చేసి, చెవి తానే దాచింది. దాచిన మనిషి ఉంది కాబట్టి వెతికినవాడికి దొరికింది. దాంతో లోకంలో కథలన్నీ తాళాలేనని మావాడు తీర్మానించేశాడు.

తమాషా ఏమిటంటే, ఆ కథకు గూఢార్థం విడమర్చి చెప్పే పెద్దమనిషి కూడా ఆ నవలలోనే ఉన్నాడు. హ్యారీ స్నేహితురాలు లూనా వాళ్ల నాన్న. ముసుగుకు త్రికోణం, రాయికి గుండ్రం, దండానికి నిలువు గీత, మూడూ కలిపిన బిళ్ల మెడలో వేసుకుని తిరుగుతాడు. ఆయన ఇంటి గోడకు ఒక పెద్ద కొమ్ము ఉంటుంది. ఎవరి కంటా పడని వింత జంతువుదని ఆయన మురిసిపోతుంటాడు. అది ముట్టుకుంటే పేలే రకమని హ్యారీ ఇంకో స్నేహితురాలు హెర్మయనీ చూడగానే చెప్తుంది. ఆయన వినడు. చివరికి ఒక మంత్రం తగిలి కొమ్ము పేలి, ఇల్లు చాలావరకు కూలుతుంది. ‘రేయ్, కథలో త్రికోణాలు కనబడ్డ మనిషికి తన గోడ మీద బాంబు కనబడలేదు, చూసినావా’ అన్నాను. మావాడు బుద్ధిగా నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు: ‘కొమ్ము దేనికి సంకేతం?’

తర్వాతి వారం కాణిపాకం మీద పడ్డాడు. గుడ్డి, మూగ, చెవిటి అన్నదమ్ములు ముగ్గురు బావి తవ్వుతుంటే వినాయకుడి విగ్రహానికి దెబ్బ తగిలి నీళ్లు నెత్తురయ్యాయని, ఆ నీళ్లు తాకగానే ముగ్గురి లోపాలూ పోయాయని చిత్తూరు జిల్లాలో ఎవర్నడిగినా చెప్తారు. ‘మామా, ముగ్గురు అన్నదమ్ములు! నీళ్లు! మూడు వరాలు!’ అని ఎగిరాడు. ఒరే, అక్కడ చావు ఎదురైంది, ఇక్కడ దేవుడు ఎదురైనాడు, కొంచెం తేడా ఉంటుంది కదరా అంటే, ‘అదే మామా అసలు పాయింటు’ అన్నాడు. అసలు పాయింటు ఏదో నాకిప్పటికీ తెలియదు.

ఇవన్నీ భరించాను. మొన్న రాత్రి మాత్రం మా అమ్మ జోలికి వచ్చాడు.

కరెంటు పోయింది. మా అమ్మ మిద్దె మీద చాప పరిచి, మా అయిదేళ్ల పాపకు ఏడు చేపల కథ మొదలుపెట్టింది. ‘రాజుకు ఏడుగురు కొడుకులు. ఏడుగురూ వేటకు పోయి ఏడు చేపలు తెచ్చినారు...’

‘ఆగు అవ్వా. రాజు అంటే జీవుడు. ఏడుగురు కొడుకులు సప్తధాతువులు.’

‘ఏడు చేపలూ ఎండేసినారు. అందులో ఒక చేప ఎండలా.’

‘ఆరు చేపలు అరిషడ్వర్గాలు. అవి ఎండుతాయి. ఏడోది మనసు, ఎండదు.’

ఇది వాడి సొంత సరుకు కూడా కాదు లెండి. ఏళ్లుగా గుడ్ మార్నింగ్ గులాబీలతో పాటు ఫోన్లలో తిరుగుతున్నదే. మా అమ్మ పట్టించుకోకుండా గడ్డిమోపు దగ్గరికి వచ్చింది. గడ్డిమోపు అజ్ఞానమట. ఆవు జ్ఞానమట. ఆవును మేపని గొల్లవాడు గురువట.

‘గురువైతే ఆవును ఎందుకు మేపలేదు బావా?’ అంది పాప.

వాడు తడుముకుంటుంటే మా అమ్మ అందుకుంది. ‘అవ్వ బువ్వ పెట్టలా, అందుకు మేపలా.’

‘అవ్వంటే జగన్మాత...’

‘జగన్మాత అయితే బిడ్డకు బువ్వ పెట్టకుండా ఉంటాదా? నోరు మూసుకోరా అబ్బోడా’ అంది మా అమ్మ. ఇంతకంటే మంచి సాహిత్య విమర్శ ఈ మధ్య నేను వినలేదు.

పిల్లవాడు ఏడ్చాడు, వాణ్ణి చీమ కుట్టింది, చీమా చీమా ఎందుకు కుట్టావు అనేదాకా కథ ఈడ్చుకుంటూ వచ్చింది. మావాడు చూపుడువేలు పాప ముఖం ముందు ఆడిస్తూ ‘బంగారు పుట్ట అంటే హిరణ్మయ కోశం’ అనబోయాడు. పాప ఆ వేలు పట్టుకుని గట్టిగా కొరికింది. ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా!’

ఆ అరుపుకు పక్క మిద్దె వాళ్లు టార్చిలైటు వేసి చూశారు.

నవ్వొచ్చింది కానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బువ్వ లేక పశువుల దగ్గరికి పోని పిల్లగాడు ఆ కథలో ఉన్నాడు. వాణ్ణి చెరిపేసి గురువును కూర్చోబెట్టారు. ఆకలి కనబడకూడదు, కోశాలు కనబడాలి.

పొద్దున్నే వాడు నోట్‌బుక్‌లో కొత్త పేజీ చూపించాడు. తిరుపతి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ కథ. ఆమె చంపిన పాలెగాడు అంటే అహంకారం. గంగమ్మ వెన్నెముకలో ఉండే కుండలిని. జాతర వేషాలు చక్రాలు.

ఇక్కడ నాకు తిక్క రేగింది. పాలెగాడు అహంకారం ఏందిరా? కంటబడ్డ ఆడపిల్లనల్లా చెరపట్టినవాడు. ఊళ్లో కొత్త పెళ్లికూతురు గడప దాటడానికి వణికింది అహంకారాన్ని చూసి కాదు, వాణ్ణి చూసి. దాక్కున్నవాడి కోసం బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం మార్చి మార్చి వీధి వీధీ వెతికి, దొర వేషంలో వచ్చి, దొరకు దండం పెట్టడానికి బయటికొచ్చినవాడి తల నరికింది గంగమ్మ. ఇందులో దాచిందేముంది? ఏడాదికోసారి ఊరు ఊరంతా వీధిలోకి వచ్చి, మగవాళ్లు చీరలు కట్టుకుని మరీ చెప్తున్న మాట అది. అంత బట్టబయలుగా చెప్తుంటే దాన్ని తీసుకుపోయి వెన్నెముకలో దాస్తావా? పాలెగాణ్ణి అహంకారం చేస్తే మొదట సంతోషించేది పాలెగాడే. అహంకారం మీద ఎవరూ కేసు పెట్టరు. అహంకారానికి ఎవరూ తల తీయరు. ధ్యానం చేసుకోమని చెప్పి ఇంటికి పంపిస్తారు.

వాడు కాసేపు నన్నే చూసి, ‘మామా, నీ కోపం దేనికి సంకేతం?’ అన్నాడు.

ఈసారి జాతరకు నేను బండ వేషం కట్టాలనుకుంటున్నాను. ఒళ్లంతా కుంకుమ పూసుకుని ఎవర్నైనా ఎన్ని బూతులైనా తిట్టొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. పేర్ల జాబితా ఇప్పటికే తయారైంది. ప్రకాశం పార్కు గేటు దగ్గర మొదలుపెడతాను. మా అక్కకు కూడా ముందే చెప్పి ఉంచాను.