సవరణ: ఆరోగ్యశ్రీ 10 లక్షలు ఎవరికి, దేనికి

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగిందని మొన్న రాసినదానికి చిన్న వివరణ. 2023 డిసెంబరు 9న మొదలైన ఆ 10 లక్షలు తలా ఇంత అని కాదు, ఇంటిల్లిపాదికీ కలిపి, ఏడాదికి. నాన్న గుండె ఆపరేషన్‌కు పోగా మిగిలిందే అమ్మకైనా, ఇంకెవరికైనా. అదీ జాబితాలో ఉన్న చికిత్సలకే. నెలనెలా వాడే షుగరు, బీపీ గోలీల కోసం కార్డు పట్టుకుని పట్నం బస్సెక్కితే చార్జీలు దండగ. వాటికి ఊళ్లో పల్లె దవాఖాన, లేదంటే పీహెచ్‌సీ ఉన్నాయి. ఆపరేషన్ అన్నారంటే మాత్రం రూపాయి కట్టకముందే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర, అంటే ఈ పథకం కింద రోగులకు సాయం చేసే ఉద్యోగి, బల్ల ఎక్కడో అడగండి. (బల్ల ఉంటుంది, మనిషి సీట్లో ఉన్నాడా లేదా అన్నది వేరే సంగతి.) ముందు కట్టేసి తర్వాత బిల్లు పెడదామనుకోవద్దు, ఇది నగదు రహిత పథకం. ఆధార్, రేషన్ కార్డు వెంట ఉంచుకోండి.