కాక్టస్‌కి ఎండ లెక్కే కాదంటున్న ఆ మెసేజ్ గురించి

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, తిరుపతిలో మొక్కలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులన్నిట్లోకీ ఒకే మెసేజ్ వచ్చి పడుతుంది. చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతా. "కాక్టస్ ఎడారి మొక్క, మన ఎండలకి దీన్ని మించిన మొక్క లేదు. మిద్దె మీద నేరుగా ఎండలో పెట్టేయండి. ఉత్త ఇసుకలో నాటండి. నెలకి ఒకసారి చెంచాడు నీళ్లు పోస్తే చాలు. వాన గురించి టెన్షన్ వద్దు. ఏ రకమైనా బతుకుతుంది. కంప్యూటర్ పక్కన పెడితే రేడియేషన్ లాగేసుకుంటుంది." కింద నాలుగు పూల బొమ్మలు, అందరికీ పంపండి అని ఒక విన్నపం.

ఇది చదివి ఎంతోమంది ఇష్టంగా కొంటారు, మే నెలాఖరుకల్లా సగం మొక్కలు పోతాయి, మిగతా సగం నవంబరులో పోతాయి. ఆ తర్వాత "నా చేతికి మొక్కలు రావు" అని బాధపడి మానేస్తారు. తప్పు వాళ్ల చేతిది కాదు, ఈ మెసేజ్‌ది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతున్నా.

మొదటి మాట, కాక్టస్ అంటే ఎడారి మొక్క అని. కాక్టస్ కుటుంబం పుట్టిల్లు అమెరికా ఖండాలు. సహారాలో సహజంగా పెరిగే కాక్టస్ లేదు. థార్ ఎడారిలో ముళ్లతో కనిపించే డండా థోర్ కూడా కాక్టస్ కాదు, మన కాడజెముడు వర్గానిది, గిల్లితే పాలు కారతాయి. మన చేల గట్ల మీద కనిపించే నాగజెముడు అసలైన కాక్టసే, కానీ అదీ అమెరికా నుంచి వచ్చిందే. ఇక కాక్టస్‌లన్నీ ఎడారివే కావు. కొన్ని అడవిలో చెట్ల మీద పెరుగుతాయి, కొన్ని గడ్డి దుబ్బుల నీడలో, కొన్ని ఆండీస్ కొండల మీద చలిగాలిలో. ఇప్పుడు రాయలసీమలో కూడా వేస్తున్న డ్రాగన్ ఫ్రూట్ కాక్టసే కదా, అది మధ్య అమెరికా అడవుల్లో చెట్లకి ఎగబాకే తీగ. వేసవిలో దాని కాడలు పసుపెక్కి మాడిపోతుంటే రైతులు పైన షేడ్ నెట్ కడుతున్నారు. ఎండ లెక్కే కాకపోతే వాళ్లకి ఆ ఖర్చెందుకు?

అసలు విషయం రెండో మాట దగ్గరుంది. "నేరుగా ఎండలో పెట్టేయండి." దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి.

కాక్టస్‌లు పగలు ఒంటి మీదున్న సన్నటి రంధ్రాలు మూసుకుని కూర్చుంటాయి, నీరు ఆవిరైపోకుండా. రాత్రి చల్లబడ్డాక తెరిచి, కార్బన్ డయాక్సైడ్ తీసుకుని ఆమ్లంగా దాచుకుంటాయి, పొద్దున వెలుగు రాగానే దాంతో ఆహారం తయారు చేసుకుంటాయి. అంటే దాని భోజనం ఏర్పాటు అంతా రాత్రి చల్లదనం మీద ఆధారపడి ఉంది. ఎడారిలో పగలు ఎంత మండినా ఆకాశం తేటగా ఉంటుంది, గాలిలో తేమ ఉండదు, చీకటి పడగానే వేడి దిగిపోతుంది. మన తిరుపతిలో మే నెలలో పగలు 42 అయితే రాత్రి 28, 30 దగ్గరే ఆగిపోతుంది. పైగా పక్కనే శేషాచలం రాళ్లు పగలంతా కాగి ఆ సెగ రాత్రి వదులుతుంటాయి, మిద్దె కాంక్రీటు కూడా అంతే. అర్ధరాత్రి చెప్పుల్లేకుండా మిద్దె ఎక్కి చూడండి, అరికాళ్లకి తెలుస్తుంది. అలాంటి రాత్రి కాక్టస్ రంధ్రాలు సరిగా తెరవదు, దాచుకున్నదాన్ని ఖర్చు పెట్టుకుంటూ కాలం గడుపుతుంది. ఒకటి రెండు రోజులైతే పర్లేదు, నెలా రెండు నెలలైతే లోపల గుల్లవుతుంది.

ఇది నా ఊహ కాదు. 2023 వేసవిలో అమెరికాలోని అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ నగరంలో వరుసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది, రెండు వారాలకు పైగా రాత్రులు కూడా 32కి దిగలేదు. అక్కడి ఎడారిలోనే పుట్టి పెరిగిన సగువారో కాక్టస్‌లు, మనిషికి ఆరేడు రెట్లు ఎత్తు పెరిగేవి, కొమ్మలు రాలిపోయి నిలువునా కూలిపోయాయి. అక్కడి డెసర్ట్ బొటానికల్ గార్డెన్ వాళ్లు చెప్పిన కారణం కూడా ఇదే, రాత్రిళ్లు చల్లబడకపోవడం. సొంత గడ్డ మీద సగువారోకే ఆ గతి పట్టినప్పుడు, నర్సరీలో షేడ్ నెట్ కింద పెరిగి నిన్నే మీ ఇంటికి వచ్చిన నాలుగంగుళాల మొక్క మీ మిద్దె మీద నిలుస్తుందా?

ఆ సగువారో కూడా చిన్నప్పుడు ఎండలో పెరగదు. పాలో వెర్దే లాంటి చెట్టు కింద నీడలో మొలుస్తుంది, మొదటి ఎనిమిదేళ్లలో అంగుళం, అంగుళమున్నర పెరిగితే గొప్ప. అలా నీడనిచ్చే చెట్టుని అక్కడ దాదిమొక్క అంటారు. చెట్టు నీడ దొరకని మొలకలు చాలావరకు పోతాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పార్క్ నోబెల్ అనే శాస్త్రవేత్త చేసిన పరిశోధనల్లో, మెల్లగా వేడికి అలవాటు పడిన పెద్ద కాక్టస్‌లు 60 డిగ్రీల దాకా తట్టుకుంటాయని తేలింది, నిజమే. కానీ అక్కడ గమనించాల్సింది "మెల్లగా అలవాటు పడిన" అనే మాట, "పెద్ద" అనే మాట. మెసేజ్‌లో ఆ రెండూ లేవు.

ఎండదెబ్బ ఎలా ఉంటుందో చూడనివాళ్లకి చెబుతా. పడమటి వైపు, మధ్యాహ్నం ఎండ తగిలే చోట ముందు ఆకుపచ్చ పాలిపోతుంది, తర్వాత పసుపు, రెండు మూడు రోజుల్లో తెల్లగా కాగితంలా ఎండి గట్టిపడుతుంది. వేలితో నొక్కితే బెండు నొక్కినట్టుంటుంది. ఆ మచ్చ జన్మలో పోదు, మొక్క పైకి పెరిగే కొద్దీ కిందికి దిగుతుంది, అంతే. కాబట్టి ఏప్రిల్ నుంచి జూన్ దాకా 50 శాతం షేడ్ నెట్ కట్టండి. లేదా పొద్దుటి ఎండ మాత్రమే వచ్చే తూర్పు బాల్కనీలో పెట్టండి. కుండీని నేరుగా కాంక్రీటు మీద పెట్టకండి, కింద నాలుగు ఇటుకలు పేర్చి గాలి ఆడేలా చూడండి. నర్సరీ నుంచి వచ్చిన నల్ల ప్లాస్టిక్ కుండీ అయితే వెంటనే మార్చేయాలి, ఎండలో అది పెనంలా కాలి, కుండీ గోడకి ఆనుకున్న వేర్లని ముందు ఉడికించేస్తుంది. మట్టి కుండీ మంచిది, దాని గోడల్లోంచి తేమ ఆవిరవుతూ వేర్లని చల్లగా ఉంచుతుంది.

నీళ్ల సంగతి. నెలకి చెంచాడు నీళ్లు పోస్తే పైన అరంగుళం తడుస్తుంది, వేరు దాకా చేరదు. ఆ చిన్న వేర్లు ఎండి చచ్చిపోతాయి, ఆ తర్వాత నిజంగా నీళ్లు పోసిన రోజు తాగడానికి వేరు ఉండదు, ఆ తడికి అడుగు కుళ్లుతుంది. జనం "నీళ్లు ఎక్కువై కుళ్లింది" అనుకుంటారు, చాలాసార్లు ముందు నీళ్లు తక్కువై వేరు పోయి ఉంటుంది. పద్ధతి ఏంటంటే, పోస్తే కింద రంధ్రంలోంచి కారేదాకా పోయాలి, తర్వాత పూర్తిగా ఆరేదాకా ముట్టుకోకూడదు. ఆరిందో లేదో తెలియాలంటే చీపురు పుల్ల ఒకటి అడుగుదాకా గుచ్చి, కాసేపుంచి తీసి చూడండి, మట్టి అంటుకోకపోతే ఆరినట్టు. ఏప్రిల్‌లో చిన్న కుండీకి ఇది వారం పది రోజులు పడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండల్లో చాలా రకాలు పెరగడం ఆపేసి నిద్రపోతాయి, అప్పుడు పెద్ద మొక్కలకి తగ్గించాలి, చిన్నవాటికి మాత్రం పూర్తిగా ఆపకూడదు. ఎప్పుడు పోసినా పొద్దుగూకాకే. మధ్యాహ్నం మిద్దె మీద ట్యాంకు పైపు తిప్పితే ముందు వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి, దయచేసి వాటిని మొక్కకి పోయొద్దు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. వాన నీళ్లు రెండు బకెట్లు పట్టి ఉంచుకుంటే మొక్కలో తేడా కనిపిస్తుంది.

"ఉత్త ఇసుక." స్వర్ణముఖి ఇసుక తెచ్చి కుండీ నింపేసినవాళ్లని చూశాను. సన్న ఇసుక తడిస్తే గట్టిగా సర్దుకుపోతుంది, లోపల గాలి ఉండదు, తిండీ ఉండదు. ఎడారి నేల అని మనం అనుకునేది సినిమాల్లో చూసే ఇసుక తిన్నె, కాక్టస్‌లు పెరిగేది ఎక్కువగా రాతి వాలుల మీద, గులకరాళ్ల నేలలో. మన దగ్గర గ్రానైట్‌కి కొదవ లేదు. బేబీ చిప్స్ అనే సన్న కంకర తెచ్చి, దుమ్ము పోయేదాకా నాలుగుసార్లు కడిగి, నలగ్గొట్టిన ఇటుక ముక్కలు, కాస్త బొగ్గు, మూడో వంతు బాగా మాగిన ఎరువు కలిపితే సరిపోతుంది. ఇంకొకటి, ఇది చాలామంది చూడరు. కొత్త మొక్కని కుండీ మార్చేటప్పుడు వేర్ల మధ్యలో ముద్దగా ఉన్న కొబ్బరి పీచు తీసేయండి. అది ఒకసారి పూర్తిగా ఎండిందంటే నీళ్లు త్వరగా పీల్చదు, పక్కనుంచి జారిపోతాయి, తడిసిందంటే ఎన్నాళ్లకీ ఆరదు. చుట్టూ ఎంత మంచి మట్టి వేసినా ఆ ముద్ద ఒక్కటి చాలు మొక్కని చంపడానికి.

వానకి తడిస్తే ఏం కాదన్న మాట అన్నిటికన్నా ప్రమాదం. ఫీనిక్స్‌లో ఏడాదంతా కలిపి 200 మిల్లీమీటర్ల లోపే వాన. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో సాధారణ వర్షపాతమే 900 పైన, అందులో ఈశాన్య రుతుపవనాల వాటా పెద్దది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఎవరూ మర్చిపోలేదు. అంత కాకపోయినా, అల్పపీడనం పట్టిందంటే వారం పది రోజులు ఎండ మొహం కనిపించదు, మట్టి ఆరదు. గోల్డెన్ బ్యారెల్ అనే గుండ్రటి కాక్టస్ పైకి పచ్చగా, ముళ్లు బంగారంలా మెరుస్తూనే ఉంటుంది, అడుగున నేలకి తగిలేచోట మాత్రం గోధుమరంగు తిరుగుతుంది. పక్కనుంచి పుల్లతో నొక్కితే దిగిపోతుంది. అప్పటికే లోపలంతా కుళ్లి నీరైపోయి ఉంటుంది, చేసేదేమీ లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పైన పాలీకార్బనేట్ షీటో, కనీసం మందపాటి ప్లాస్టిక్ పట్టానో ఉండాలి, పక్కలు తెరిచి ఉంచాలి గాలికి. పక్కలు కూడా మూసేస్తే ఉక్కకి ముళ్ల మధ్యలో దూదిలా పిండినల్లి చేరుతుంది.

రేడియేషన్ గురించి రెండు మాటలు చాలు. ఏ మొక్కా కంప్యూటర్ నుంచి దేన్నీ లాగేసుకోదు. చీకటి గదిలో మానిటర్ పక్కన పెడితే వెలుగు కోసం కొన సన్నగా, పాలిపోయి, వంకరగా సాగుతుంది, మొక్క రూపే పోతుంది.

చివరిది, "ఏ రకమైనా బతుకుతుంది" అనేది. ఎర్రగా, పసుపుగా ముద్దగా అమ్మే మూన్ కాక్టస్‌నే తీసుకోండి. పై ముద్దలో పత్రహరితం లేదు, ఒంటరిగా బతకలేదు, అందుకే కింద డ్రాగన్ ఫ్రూట్ కాడకి అంటు కడతారు. జపాన్‌లో 1940ల్లో మొదలైన పద్ధతి ఇది. దాని మూలజాతి జిమ్నోకాలిసియం, పరాగ్వే, అర్జెంటీనాల్లో పొదల నీడలో ఉండేది. దాన్ని మిద్దె మీద ఎండలో పెడితే వారంలో మాడిపోతుంది. రెబూషియా అనే రకం అందమైన పూలు పూస్తుంది గానీ ఆండీస్ కొండలది, తిరుపతి రాత్రులకి నిలవదు. పలమనేరు, మదనపల్లె వైపు ఎత్తు మీద ఉన్నవాళ్లు ప్రయత్నించవచ్చు, హార్సిలీ హిల్స్ మీదైతే ఇంకా నయం. తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి వాళ్లు మెలోకాక్టస్‌తో మొదలుపెట్టండి. బ్రెజిల్, కరీబియన్ దీవులది అది, వెచ్చటి రాత్రులంటే దానికి ఇష్టం. వయసొచ్చాక నెత్తిన ఎర్రటి టోపీ లాంటిది పెరిగి, అందులోంచి గులాబీరంగు కాయలు బయటికొస్తాయి. గోల్డెన్ బ్యారెల్, ఫెరోకాక్టస్ కూడా పర్లేదు, రెండు వేసవులు నెట్ కింద గడిచాక మెల్లగా ఎండకి అలవాటు చేస్తే. కొనేటప్పుడు కుండీ పట్టుకుని మొక్కని మెల్లగా కదిపి చూడండి, ఊగితే వేరు లేనట్టే, అది వదిలేసి పక్కది తీసుకోండి.